కంఠతా వచ్చిన పట్టిక

మొదటి చుక్క చల్లగా పడింది, రెండోది మండింది. "కళ్ళు మూసుకుని కూర్చోండి మాస్టారూ, నలపకండి. ఇంకో రెండు విడతలు వెయ్యాలి. కంటిపాప పూర్తిగా విచ్చుకోవాలంటే గంట పడుతుంది," అని చేతిలో దూది ముక్క పెట్టి నర్సమ్మ వెళ్ళిపోయింది. గంట పడుతుందని ఆమె చెప్పాలా, ముప్పయ్యారేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్న మనిషికి, వీధి వీధంతా అద్దాల మాస్టారని పిలిచే మనిషికి ఆ మాత్రం తెలియదా, తెలుసు, తెలిసే వచ్చాడు, మనసు గట్టి చేసుకోడానికి గంట చాలనుకున్నాడు. గంట తర్వాత ఎదురుగా ఉన్న ఆ తలుపు తెరుచుకుంటుంది, లోపల తెల్లకోటులో కూతురు ఉంటుంది, చూపు ఎలా ఉంది నాన్నా అని అడుగుతుంది, అప్పుడు తను చెప్పాల్సింది ఒక్కటే మాట, మసకగా ఉందమ్మా అని. ఇంట్లో చెప్పులు వేసుకుంటూ అనుకున్నాడు, ఆసుపత్రి మెట్లెక్కుతూ అనుకున్నాడు, చీటీ రాసే అమ్మాయి ముందు నిలబడి పైకే అనేశాడు కాబోలు, "ఏమిటండీ?" అంది ఆమె. ఇంత సాధన చేసి వచ్చి, తీరా మొదటి మెట్టు మీదే జారాడు. చుక్కలు వేసే ముందు ఎవరికైనా చేసినట్టే గోడ మీది అక్షరాల పట్టిక ముందు కూర్చోబెట్టి, ఎడమకన్ను మూసి, "చదవండి" అన్నారు. చదివేశాడు, పైనుంచి కిందకి, ఆఖరి వరుస దాకా, తడుముకోకుండా. "శభాష్" అని చీటీ మీద పూర్తి చూపు అని రాసి ఇచ్చారు. ఆ చీటీ ఇప్పుడు చొక్కా జేబులో ఉంది.

అబద్ధం ఆడాలని ఆడింది కాదు, అదే చిక్కు. అదే పట్టిక తన దుకాణంలో గోడకి ముప్పయ్యారేళ్ళుగా వేలాడుతోంది, ర గ ట ప న, మ స డ ల వ, వేలమంది చేత చదివించాడు, వాళ్ళు ఎక్కడ ఆగుతారో ఎక్కడ మ ని న అంటారో అన్నీ తెలుసు, పట్టిక ఎదురుగా కూర్చోగానే కన్ను చూసే లోపల నోరు చెప్పేస్తుంది. ఇందాక ఆరో వరుస చదువుతుంటే ఒక్క క్షణం ఆగి తనని తనే అడిగాడు, చూస్తున్నావా, గుర్తు తెచ్చుకుంటున్నావా అని, జవాబు వచ్చే లోపల ఏడో వరుస కూడా అయిపోయింది. అక్కడ ఆగి, అమ్మా ఇది నాకు కంఠతా వచ్చు, వేరే పట్టిక ఏదైనా పెట్టండి అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఎందుకనలేదంటే ఆ శభాష్ బాగుంది. అరవై రెండేళ్ళొచ్చి, మనవరాలికి అక్షరాలు దిద్దించే వయసులో, ఇంకొకరు శభాష్ అంటే లోపల ఏదో కుదురుగా కూర్చుంటుంది. సిగ్గుచేటు.

ఇన్నేళ్ళలో తను ఎంతమందిని కోప్పడ్డాడు! పరీక్షకి వచ్చినవాళ్ళ ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము పెట్టి ఒక్కొక్క అద్దం మారుస్తూ, ఇది బాగుందా, ఇదా, అని అడిగితే, సగంమంది తన ముఖం చూసి జవాబు చెబుతారు. మాస్టారు ఇన్ని అద్దాలు మార్చి శ్రమ పడుతున్నాడు కదా, ఇంకా కనపడటం లేదంటే ఏమనుకుంటాడో అని, "ఇదే బాగుందండీ" అంటారు. పెద్దమనుషులు మరీనూ. "నన్ను సంతోషపెట్టడానికి రాలేదు మీరు, కనపడేది చెప్పండి, కనపడనిది కనపడలేదని చెప్పండి, మీరు నిజం చెబితేనే నా చెయ్యి నడుస్తుంది" అని ఎన్నిసార్లు అన్నాడో. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా.

పోయినేడు కుడికంటికి శుక్లం తీసింది కూతురే. సొంతవాళ్ళకి చెయ్యకూడదు, చెయ్యి వణుకుతుంది అని ఆ పిల్ల వెనక్కి తగ్గితే, పెద్ద డాక్టరు తను చేస్తానంటే, నా కన్ను నా కూతురు ముట్టుకోవాలి, లేదా ఇలాగే ఉంటుంది అని భీష్మించుకుని కూర్చున్నది తనే. ఎడమకన్ను పుట్టినప్పటినుంచీ బద్ధకపు కన్ను, అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇల్లు నడిపింది, పిల్లని డాక్టరు చదివించింది కుడికన్నే. కట్టు విప్పిన రోజు కిటికీలోంచి ఆకాశం చూసి, ఇంత నీలమా, ఇన్నాళ్ళూ నేను బూడిదరంగు ఆకాశం కింద బతికానా అని ఏడ్చాడు. అది నిజం, అందులో కల్తీ లేదు. ఆ వచ్చే ఆదివారమే మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు, దేవుడు నా కూతురి చేతిని వాడుకున్నాడు, నాకు చూపు సంపూర్ణంగా ఇచ్చాడు అని. సంపూర్ణంగా. ఆ మాట అక్కడ అక్కర్లేదు, చూపు ఇచ్చాడంటే చాలు, కానీ చప్పట్లు మొదలైతే నోరు ఒకచోట ఆగుతుందా. పెదవి దాటితే పృథివి దాటుతుంది. మర్నాటినుంచీ దుకాణానికి వచ్చినవాళ్ళందరూ అదే మాట, మీ అమ్మాయి చెయ్యి అట కదా మాస్టారూ, మాకూ చేయిస్తారా అని. అయిదారు నెలలకి ఆ నీలం మీద పల్చగా పొగ కమ్మింది. లోపల పెట్టిన అద్దం వెనక పొర కడుతుంది కొందరికి, అది చేసినవాళ్ళ తప్పూ కాదు, చేయించుకున్నవాళ్ళ పాపమూ కాదు, లేజరుతో అయిదు నిమిషాల పని, తనే ఎందరికో ధైర్యం చెప్పి పంపించాడు. ఎనిమిది నెలల కిందట ఇదే గదిలో కూతురు యంత్రంలోంచి తొంగి చూస్తూ, "వెనక సన్నగా పొర వస్తోంది నాన్నా. నీకు ఇబ్బందిగా ఉంటేనే తీస్తాను, లేకపోతే కదపను. మసకగా ఉందా?" అని తిన్నగా అడిగింది. "అద్దంలా ఉందమ్మా," అన్నాడు.

"మాస్టారూ, తల పైకెత్తండి." రెండో విడత. కళ్ళు తెరిచేసరికి వసారా అంతా వెలుగు చిమ్ముకుని ఉంది, కిటికీలు అంచులు దాటి గోడల మీదకి పొంగాయి, అటూ ఇటూ తిరిగే మనుషులకి ముఖాలు లేవు, పొడుగ్గా నిలువుగా ఏవో కదులుతున్నాయి, పైన గుబురుగా, కింద సన్నగా. చెట్లు. నవ్వొచ్చింది. చెట్లే నడుస్తున్నట్టున్నాయి, ఇంత ఉన్నదున్నట్టు ఎలా చెప్పాడయ్యా ఆ గుడ్డివాడు! ఆదివారం పిల్లల తరగతిలో ఎన్ని ఏళ్ళు చెప్పాడు తను ఆ కథ. ఊళ్ళోవాళ్ళు ఒక గుడ్డివాణ్ణి ప్రభువు దగ్గరికి తీసుకొచ్చారు, ఆయన చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించాడు, కళ్ళ మీద ఉమ్మి వేసి ముట్టుకున్నాడు, ఇక్కడికి వచ్చేసరికి తను గబగబా, వెంటనే వాడికి చూపు వచ్చింది పిల్లలూ, చప్పట్లు కొట్టండి అనేసేవాడు. మధ్యలో ఉన్నది మింగేసేవాడు. ఎందుకంటే మధ్యలో ఉన్నది చెప్పడానికి ఇబ్బంది. ముట్టుకున్నాక ప్రభువు అడుగుతాడు, ఏమైనా కనపడుతోందా అని. వాడు, మనుషులు కనపడుతున్నారు గానీ చెట్లు నడుస్తున్నట్టున్నారు అంటాడు. అంటే సగమే వచ్చింది. ఆయన మళ్ళీ చేతులు పెడితే అప్పుడు తేటగా కనపడింది. ఒకసారి రెండు జడల పిల్ల ఒకతి పుస్తకంలో తనే చదివేసి, లేచి నిలబడి, "మొదటిసారి మందు తక్కువైందా మాస్టారూ?" అంది. తరగతంతా గొల్లుమంది. "కూర్చో, ప్రశ్నలు తర్వాత" అన్నాడు. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు. దేవుడి పరువు తను కాపాడుతున్నాననుకున్నాడు, ఆయనకి లేని బెంగ తనకి. ఆయనే నోరు తెరిచి అడిగాడు కదా, కనపడుతోందా అని, అడగడానికి ఆయనకి చిన్నతనం లేదు. చెప్పడానికి వాడికీ లేదు. ఎవరు ముట్టుకున్నారో తెలిసి, ఆయన ఎదురుగానే నిలబడి, ఇంకా బాగాలేదు స్వామీ అన్నాడే, ఎంత గుండె ఉండాలి! తనైతే? తనైతే చెట్ల వంక తిరిగి, అద్దంలా ఉంది ప్రభూ అని చెప్పి, ఇంటికెళ్ళే దారిలో గుంటలో పడి ఉండేవాడు. విశ్వాసం అంటే మసకని మసక అనకపోవడం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వాడికి ఆయన మీద నమ్మకం ఉంది గనకే చెప్పాడు, ఇంకోసారి ముట్టుకుంటాడని. నమ్మనివాడే, ఇంతకన్నా ఇక రాదులే అనుకున్నవాడే, బాగుందని సరిపెట్టుకుంటాడు.

ఇంటావిడ ఎప్పుడో పట్టేసింది. ఆవిడ కంటికి ఏ పొరలూ లేవు. పోయిన నెల గుమ్మం పక్కన కొయ్యకి తగిలించిన కోటుని చూసి "రండి రండి, ఎప్పుడొచ్చారు" అని ఆహ్వానించాడు, ఆవిడ వంటింట్లోంచి చూసి, "కాఫీ ఒకటా రెండా? కోటుగారు చక్కెర వేసుకుంటారా?" అంది. నవ్వి ఊరుకుంటుందనుకున్నాడు. రాత్రి పళ్ళాలు సర్దుతూ, "అమ్మాయికి చెప్పండి" అంది. చెబితే అది బాధపడుతుంది, మొదటిసారి సొంతమనిషికి చేసింది, ఇలా అయిందంటే దాని మనసు, అని తను ఏదో అనబోతే, "దాని మనసో, మీ సాక్ష్యమో ముందు తేల్చుకోండి" అని దీపం ఆర్పేసి వెళ్ళిపోయింది. కోపం వచ్చింది. ఉక్రోషం. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చేది అదేగా.

అప్పటికైనా చెప్పి ఉంటే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, కాకపోతే కాలింది తన చేతులు కాదు. కాజాలు కుట్టే ఆవిడ, బట్టల దుకాణాలకి ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టి ఇస్తుంది, మూడో అంతస్తులో ఉంటుంది, రెండు నెలల కిందట కొత్త జోడు చేయించుకుంది. వారానికే వచ్చి, "నేల ఒకపక్కకి వాలినట్టుంది మాస్టారూ, మెట్లు దిగాలంటే భయంగా ఉంది" అంది. తను లేవనుకూడా లేవలేదు. కొత్త అద్దాలకి అలాగే ఉంటుందమ్మా, పది రోజులు పెట్టుకుంటే అలవాటవుతుంది అన్నాడు. ఈ వృత్తిలో అందరి నోటా ఉండే మాటే అది, వందమందిలో తొంభైమందికి నిజమే. మిగతా పదిమందికి అద్దం తీసి చూడాలి. చూడలేదు. ఆవిడ చెప్పినమాట విని బుద్ధిగా పెట్టుకుంది, పెట్టుకుని మెట్ల మీద పడింది, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మొన్న మంగళవారం కట్టుతోనే వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. "మీరు చెప్పినట్టు ఎంత ప్రయత్నించినా నాకు అలవాటు కావడం లేదండీ, నాలోనే ఏదో లోపం ఉందేమో, ఇంకేం చెయ్యమంటారు?" అని అడిగింది. తన దగ్గర క్షమాపణ అడుగుతున్నట్టు అడిగింది.

జోడు చేతిలోకి తీసుకుని, యంత్రం జోలికి పోకుండా, తన గురువు నేర్పిన పాత పద్ధతిలో, చెయ్యి చాచి అద్దంలోంచి తలుపు చట్రాన్ని చూశాడు. నిలువు చట్రం అంత లావు గీత, తన మసకకంటికి కూడా కనపడేంత గీత, అద్దంలో వంకరగా విరిగింది. అద్దం తిప్పాడు, ఇంకా తిప్పాడు, ఎక్కడ నిటారుగా నిలబడిందో అక్కడ ఆగాడు. సొరుగులోంచి ఆవిడ చీటీ తీసి భూతద్దం పెట్టి చూశాడు. అద్దం ఏ కోణంలో కూర్చోబెట్టాలో డాక్టరు రాసిన అంకె, ఎనభై. రెండు నెలల కిందట అదే చీటీని ఇదే కంటితో చూసి ముప్పై అని చదివాడు, ముప్పై అనే కోశాడు. ఎనిమిదికి మూడుకి మధ్య ఎడంపక్క రెండు సన్నటి గీతలే తేడా, ఆ గీతల్ని పొర తినేసింది. ముందు నిలబడి ఉన్న ఆవిడతో ఏమన్నాడు? "స్క్రూ వదులైందమ్మా, రెండు రోజుల్లో బిగించి ఇస్తాను, అప్పటిదాకా పాత జోడు పెట్టుకోండి." స్క్రూ! ఆవిడ "అమ్మయ్య" అని, ఎడంచేత్తో నమస్కారం పెట్టి వెళ్ళింది. ఆ రాత్రి అన్నం సహించలేదు, నిన్నా సహించలేదు. పొద్దున లేచి ఇంటావిడతో ఆసుపత్రికి వెళ్తున్నానని మాత్రం అన్నాడు. ఆవిడ ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది.

మూడో విడత పడింది. ఇక ఎంతోసేపు లేదు. లోపల ఇంకా ఒక గొంతు బేరమాడుతోంది, అదీ తన గొంతే: పొర తియ్యమని చెప్పు చాలు, ఈమధ్యనే మసకేసిందని చెప్పు, నిన్నటినుంచి అని చెప్పు, కూతురు నమ్ముతుంది, పని అయిపోతుంది, కాజాల ఆవిడకి కొత్త అద్దాలు గుట్టుగా వేసి ఇచ్చెయ్యి, ఎవరికీ నొప్పి లేకుండా. ఎంత తియ్యగా మాట్లాడుతుందో. వద్దు. జేబులో చీటీ తీశాడు, పూర్తి చూపు అని రాసిన చీటీ, ఒక్క అక్షరం కనపడలేదు, అయినా నిలువునా రెండు ముక్కలు చేశాడు. చినిగిన చప్పుడుకి పక్క కుర్చీలో చెట్టు ఇటు తిరిగింది. "ఏమైందండీ?" అంది. "తప్పు చీటీ అండీ," అన్నాడు, ఈ రోజు తన నోట వచ్చిన మొదటి నిజం అదే.

తలుపు తెరుచుకుంది. వెలుగులో తెల్లగా ఒక ఆకారం, ముఖం లేదు, కానీ ఆ నిలబడటం పోల్చుకోడానికి కళ్ళు అక్కర్లేదు, ఏడాది పిల్లప్పటినుంచీ ఒక కాలు కాస్త ముందుకి వేసి నిలబడుతుంది. "రా నాన్నా. చీటీ ఏది? ఎంతవరకు చదివావు?"

"చదవలేదమ్మా, అప్పజెప్పాను. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు. పోయినసారీ అప్పజెప్పాను." ఊపిరి తీసుకున్నాడు. "కన్ను మసకగా ఉంది. నువ్వు అడిగిన రోజే ఉంది. అబద్ధం చెప్పాను."

ఏమంటుందో అనుకున్నాడు. ఏడుస్తుందని, చెయ్యి పట్టుకుంటుందని, పోనీలే నాన్నా అంటుందని, ఏదో ఒక మూల ఆశ కూడా ఉంది, చెప్పేశాను కదా, ఇక ఓదార్చండి అని. కూతురు తనని లోపల కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టరు గొంతుతోనే అడిగింది. "ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఎంతమందికి జోళ్ళు ఇచ్చావు?"

అది అనుకోలేదు. కాజాల ఆవిడ ఒక్కతే కళ్ళ ముందు ఉంది ఇంతసేపూ, ఆవిడ వెనక ఒక వరుస నిలబడి ఉందని తట్టలేదు. ఊరి బస్సు నడిపే ఆయన, బడికెళ్ళే పిల్లలు, పెళ్ళికొచ్చిన చుట్టం, అలవాటవుతుంది అని తను పంపించిన ప్రతి ఒక్కరూ.  ఒప్పుకోవడమే అట్టడుగు అనుకున్నాడు, దాని కింద ఇంకా ఉంది. "నూటయాభై దాకా ఉంటాయి," అన్నాడు. "అన్నీ వెనక్కి తెప్పిస్తాను. ఒక్కొక్కటీ నువ్వు చెప్పినవాళ్ళ చేత పరీక్ష చేయిస్తాను. తప్పున్నవన్నీ మార్చి ఇస్తాను. ఒకావిడ పడిపోయింది, చెయ్యి విరిగింది. ఆవిడకి ముందు చెప్పాలి."

"లేజరు అయ్యాక చెబుదువుగాని. పాప విచ్చుకునే ఉంది, అయిదు నిమిషాలు."

"కాదు. ముందు చెప్పాలి. కన్ను బాగుపడ్డాక చెబితే అది వేరే, అప్పుడు చెప్పడం తేలిక."

 కూతురి చెయ్యి వచ్చి తన జేబులోంచి ఫోను తీసుకుంది. "పేరు చెప్పు," అంది. అంకెలు తనకి కనపడవు. కూతురే వెతికి, కలిపి, చెవికి ఆనించింది.

"అమ్మా, నేను, అద్దాల మాస్టారిని. స్క్రూ వదులవలేదు. మీ చీటీలో ఎనభై ఉంటే నేను ముప్పై అని చదివి అద్దం తప్పుగా కోశాను. నా కంటికి పొర ఉంది, తెలిసి దాచుకుని పని చేశాను. మీరు వచ్చి చెప్పినా వినలేదు. నేల వాలినట్టుందన్నారే, ఆ అద్దంలో అది వాలే ఉంటుంది. మీరు పడింది నా వల్ల."

  అటునుంచి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నాకు మతి పోతోందనుకున్నాను మాస్టారూ. మా అమ్మకి అలాగే మొదలైంది. ఎవరికీ చెప్పుకోలేదు. ఇంట్లోవాళ్ళు నన్ను ఒంటరిగా బయటికి పంపడం మానేశారు."

ఫోను కూతురి చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నాడు. 

"ఉండండి," అంది ఆవిడ, ఈసారి గొంతు గట్టిగానే ఉంది. "ఫోను పెట్టెయ్యకండి. ఫోను పెద్దగా వినపడేలా పెడతాను, మావాళ్ళందరినీ పిలుస్తాను. ఇప్పుడు చెప్పింది మొత్తం మళ్ళీ చెప్పండి, మొదటినుంచీ. ఒక్క ముక్క వదలొద్దు."

"చెబుతానమ్మా. పిలవండి," అన్నాడు. అటుపక్క కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరినో పేరు పెట్టి కేకెయ్యడం, అడుగులు ఒక్కొక్కటే దగ్గరికి రావడం వినపడుతున్నాయి. తెరిచి ఉన్న తలుపు అవతల, వసారాలో చెట్లన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. కూతురి చెయ్యి ఆసరా చేసుకుని లేచి నిలబడ్డాడు, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా మళ్ళీ మొదలుపెట్టాడు.